భూకంపమును మట్టి నాపు గోడయు

వేగముగ పోవు బండి తటాలున నిలిచినచో, అందు నిలుచున్నవాడు ముందునకు తూలుట మన మందర మెరిగినదే. బండి నిలిచినను వాని దేహము పూర్వపు గమనమును విడువదు. భూకంప సమయమున మట్టికిని ఇట్టి యవస్థయే కలుగును. ఆ మట్టిని ఆపుటకై కట్టిన గోడ యా తూలుపాటును భరింపవలసి వచ్చును.

భూమి నిశ్చలముగ నున్నప్పుడు సైతము మన్ను గోడను నెట్టుచునే యుండును. గోడ కొంచెము ముందునకు ఒరిగినచో, దాని వెనుక త్రికోణాకారమైన మట్టిముక్క యొకటి విడివడి యేటవాలుగ క్రిందికి జారజూచును. ఈ ముక్క బరువును, జారుటను అడ్డగించు రాపిడిని లెక్కించి గోడపై పడు త్రోపును కనుగొనవచ్చునని ఫ్రెంచి సైన్యపు ఇంజనీరగు కూలుంబు 1773లో చూపెను. విద్యుత్తును గూర్చిన పాఠములలో మన విద్యార్థులు చదువు కూలుంబే యీతడు.

1923 సెప్టెంబరు 1వ తేదీన జపానులో ఘోర భూకంపము సంభవించి యోకొహామా రేవు గోడలు పెక్కు చెడిపోయెను. అటుపిమ్మట కొలది యేండ్లలో ఒకాబె, మొనొనొబె అను జపాను ఇంజనీర్లు కూలుంబు లెక్కకే మరియొక బలమును చేర్చిరి. నేల మట్టివైపునకు తటాలున గుంజుకొనగా, మన్ను వెనుకబడి గోడమీదికి మొగ్గును. ఆ మొగ్గే యీ బలము.

30 డిగ్రీల రాపిడి కోణము గల పొడి యిసుకను నున్నని నిలువు గోడ యాపుచున్నదనుకొందము. మామూలు త్రోపు 100 మణుగులైనచో, గురుత్వ త్వరణములో ఐదవవంతు త్వరణముతో నేల కదలునప్పుడు అది సుమారు 142 మణుగులగును. ఇంతటితో తీరలేదు. మామూలు త్రోపు గోడ యెత్తులో మూడవవంతున పనిచేయును. అదనపు త్రోపు అంతకంటె పైన, సుమారు ఐదింట మూడువంతుల యెత్తున, పనిచేయునని లెక్కించుట వాడుక. కావున త్రోపు ఐదింట రెండువంతులే హెచ్చినను, గోడను పడద్రోయు శక్తి నాలుగింట మూడువంతులు హెచ్చును! నిలిపిన కర్రను మొదట త్రోయుటకును, కొసను త్రోయుటకును గల భేదమును తలచుకొనుడు.

నీరు తోడైనచో పై లెక్క చాలదు. నీట నానిన వదులు ఇసుక యదరినచో, రేణువులు పట్టుదప్పి బురదవలె పారును. 1995 జనవరి 17న కోబె రేవులో పెద్ద కాంక్రీటు పెట్టెలతో కట్టిన గోడలు కొన్ని చోట్ల 5 మీటర్ల వరకు సముద్రమువైపు జరిగినవి.

మెట్టభూములలో నీరు నిలువకుండుటకై నిర్మాతలు గోడ వెనుక కంకర నింపి, గోడలో వరుసగ చిన్న తూములు విడుతురు. కొండదారుల ప్రక్క వీనిని చూడవచ్చును. అట్టి గోడ యొకదాని తూములను నేనొకనాడు పుల్లతో పొడిచి చూడగా, మూడింట బాలురు దోపిన గులకరాళ్లు దొరికినవి.