కలుపు యంత్రం బ్లేడ్లు ఎప్పుడు మార్చాలి?

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు టమాట, వంకాయ, పూల తోటలు చాలా ఉన్నాయి. సాళ్ల మధ్య కలుపు తీయడానికి ఇప్పుడు పవర్ వీడర్ వాడుతున్నారు. నాగలికి కర్రు ఎట్లనో దీనికి బ్లేడ్లు అట్ల.

మా నాయిన దాన్ని గంటల లెక్కన కిరాయికి తెస్తడు. బ్లేడ్లు అరిగి ఉంటే గంట పని రెండు గంటలైతది. ఆ పైసలు ఇంట్ల ఉప్పు పప్పుకు వచ్చేవి.

బ్లేడ్లు ఎందుకు అరుగుతాయి? మనం చదివిన ఘర్షణ వల్లనే. చెల్క నేలలో ఇసుక, రాళ్లు ఉంటాయి కాబట్టి ఇంకా తొందరగా అరుగుతాయి. బ్లేడు వెడల్పు సగమైతే మార్చాలి. యంత్రం మన్నులోకి దిగకుండా ఎగురుతుంటే కూడా బ్లేడ్లు చూడాలి.

మార్చే పద్ధతి:
1. ఇంజన్ ఆపి, చల్లారినాక ప్లగ్గు వైరు తీయాలి. లేకుంటే బ్లేడు తిప్పినప్పుడు ఇంజన్ అందుకోవచ్చు, వేళ్లు పోతాయి.
2. ఎడమ బ్లేడు, కుడి బ్లేడు వేరు. అందుకే ఒక్కొక్కటి విప్పి, అదే తీరుగ కొత్తది బిగించాలి. పదును అంచు ముందు మన్నును కోయాలి.
3. రెండు దిక్కులా ఒకేసారి మార్చాలి. లేకుంటే యంత్రం పక్కకు గుంజుతది.
4. కొంతసేపు నడిపి, మళ్లీ ఆపి, బోల్టులు బిగించాలి.

పాత ఇంజన్ ఆయిల్ వాగులో పోయవద్దు. ఇక్కడి వాగుల నీళ్లు 1920లో కట్టిన గండిపేట చెరువుకు పోతాయి. డబ్బాలో పట్టి మెకానిక్‌కు ఇవ్వాలి.

అక్కలారా, చెల్లెలారా! పానా పట్టుడు మగపిల్లల పనే అనుకోవద్దు. సెలవులకు పోయినప్పుడు బోల్టులు మీరే చూడుండ్రి.

– 9వ తరగతి విద్యార్థిని