చెల్లికి మూలుగ మార్పిడి ఎప్పుడు చేయించాలి?

దసరా సెలవుల తర్వాత నేను ఎందుకు లేటుగా వచ్చానని అందరూ అడిగారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా చెల్లికి సికిల్ సెల్ జబ్బు ఉంది. మామూలు ఎర్రకణాలు గుండ్రంగా ఉంటాయి. సుమారు 120 రోజులు బతుకుతాయి. ఈ జబ్బులో అవి కొడవలిలాగ వంగి, 10-20 రోజులకే చచ్చిపోతాయి. సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటే భరించలేని నొప్పులు వస్తాయి. ఇది అంటురోగం కాదు, చేతబడి అంతకన్నా కాదు. తల్లి నుంచి, తండ్రి నుంచి, ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది.

ఎర్రకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. కాబట్టి చెడ్డ మూలుగను మందులతో చంపి, ఇంకొకరి మంచి మూలుగ ఎక్కిస్తే జబ్బు నయమవుతుంది. మరి అందరికీ ఎందుకు చెయ్యరు?

ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. ఆ మందుల వల్ల కొన్నాళ్ళు ఒంట్లో రోగనిరోధక శక్తి ఉండదు. కొత్త మూలుగ ఒంటి మీదే తిరగబడవచ్చు. పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోవచ్చు. కొందరు చనిపోతారు కూడా. అందుకే ముందు హైడ్రాక్సీయూరియా మాత్రలు ఇచ్చి చూస్తారు. చాలామందికి వాటితోనే నొప్పులు తగ్గుతాయి.

మాత్రలు వాడినా ఊపిరితిత్తులకు మాటిమాటికీ జబ్బు చేసినా, పక్షవాతం వచ్చినా అప్పుడు మార్పిడి గురించి ఆలోచించాలి. మరీ ఆలస్యం చేస్తే అవయవాలు పాడవుతాయి. చిన్న వయసులో, సరిపోయే తోబుట్టువు మూలుగతో చేస్తే ఫలితం బాగుంటుంది. ఒక్కొక్క తోబుట్టువుకు సరిపోయే అవకాశం 4లో 1 మాత్రమే.

మా చెల్లికి మాత్రలు వాడుతుండగానే ఒక్క ఏడాదిలో రెండుసార్లు ఊపిరి ఆడలేదు. నా రక్తం పరీక్ష చేస్తే సరిపోయింది! కానీ మా నాన్న భయపడిపోయాడు. "డాక్టరు బాబూ, ఒక బిడ్డ కోసం రెండో బిడ్డని కూడా పోగొట్టుకోనా?" అన్నాడు. నాకు మత్తు ఇచ్చి తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారట. కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. కొన్ని వారాల్లో మూలుగ మళ్ళీ ఊరుతుంది. డాక్టరు గారు ఇదంతా చెప్పాక కూడా నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అమ్మే, "ఇంకోసారి దానికి ఊపిరి ఆగితే మనం కొండ దిగేలోపు ఏమవుద్ది?" అంది. అప్పుడు నాన్న ఒప్పుకున్నాడు.

వేసవి సెలవుల్లో వెళ్తాము. నాకూ భయంగానే ఉంది. కానీ చెల్లి భయం ముందు నాది ఎంత?

మిత్రులారా, మీరందరూ రక్తపరీక్ష చేయించుకోండి. మన హాస్టల్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళు మాటిమాటికీ నీళ్ళు తాగితే నవ్వకండి. సార్, చలికాలంలో వాళ్ళకి వేడినీళ్ళు, ఇంకొక దుప్పటి ఇప్పించమని మనవి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి