శీర్షిక రంగు ఎవరి ఇష్టం?

“అక్షరాలు పెద్దగ చేసి బోల్డ్ కొడితె హెడ్డింగ్ లెక్కనే కనవడ్తది గద సార్, మళ్ల హెచ్1 ఎందుకు?” నల్లగొండలో వెబ్ డిజైన్ పాఠం చెబుతుంటే ఒక విద్యార్థిని అడిగింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద పేజీ కడుతోంది. తెర మీద చూస్తే ఆమె అన్నది నిజమే. కానీ పేజీని కంటితో చూడని వాళ్లూ ఉన్నారు. చూపులేని వారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతూ పోతుంది. దానికి బోల్డ్ అంటే లావు అక్షరం, అంతే. హెచ్1 ట్యాగు అంటే మాత్రం ‘ఇదీ ఈ పేజీ పేరు’.

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో వెబ్‌కు ప్రాణం పోసినప్పుడు హెచ్‌టీఎంఎల్ పని ఇదే: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని చెప్పడం. రంగులు, సైజులు కావాలని జనం అడిగారు. నెట్‌స్కేప్ బ్రౌజర్ ఫాంట్ ట్యాగు ఇచ్చింది. ప్రతి వాక్యం చుట్టూ రంగు, సైజు రాసుకుంటూ పోవడం మొదలైంది. వంద పేజీల సైట్లో శీర్షిక రంగు మార్చాలంటే వందా తెరవాల్సిందే.

ఈ చిక్కు ముదరకముందే 1994 అక్టోబర్‌లో, అదే సెర్న్‌లో పనిచేస్తున్న నార్వే యువకుడు హోకోన్ వియుం లీ ఒక ప్రతిపాదన రాశాడు. రూపాన్ని వేరే పత్రంలో పెట్టడం ఒక్కటే అయితే నేను ఇంతగా ఇష్టపడేవాణ్ని కాదు. అలాంటి స్టైల్ షీట్లు అంతకుముందే ఉన్నాయి. హోకోన్ లీ పట్టుకున్నది అసలు చిక్కుముడిని. పేజీ రాసినవాడు శీర్షిక ఎర్రగా ఉండాలంటాడు. చదివేవాడు నల్లగా కావాలంటాడు. బ్రౌజర్‌కు తన అలవాటు తనకుంది. ఎవరి మాట నెగ్గాలి?

మొదట ఆయన శాతాలు పెట్టాడు. ఈ సైజు మీద నాకింత పట్టు కావాలి, మిగిలింది తర్వాతివాళ్లకు అని ప్రతి నియమం పక్కన రాయడం. సైజులైతే కలిపి సగటు తీయొచ్చేమో గానీ రెండు ఫాంట్లను నలభై, అరవై పాళ్లలో కలపడం ఎలా? ఆర్గో అనే బ్రౌజర్ కడుతూ తనదైన స్టైల్ షీట్ పద్ధతి తయారు చేసుకుంటున్న డచ్చివాడు బెర్ట్ బోస్ ఆయనతో కలిశాడు. 1996 డిసెంబర్‌లో ఆ ప్రతిపాదన సీఎస్ఎస్ అనే పేరుతో మొదటి ప్రమాణంగా వెలువడేసరికి శాతాలు పోయాయి, వాటి స్థానంలో వరస వచ్చింది. మన గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు అలుగు దూకిన నీళ్లు కిందిచెరువుకు చేరినట్టు, పైవాళ్ల నియమాలు కిందివాళ్ల దాకా పారుతూ వస్తాయి. బ్రౌజర్‌వి ముందు, తర్వాత పాఠకుడివి, ఆఖరున రచయితవి; తగువొస్తే ఆఖరు మాటే నెగ్గుతుంది. ఆఖరువాడు పలకని విషయంలో పైవాళ్ల మాటే నిలుస్తుంది.

ఒకే రచయిత రాసిన రెండు నియమాలు తగువు పడితే? అక్కడుంది నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క. నియమానికి మూడు గళ్లు. మొదటి గడిలో ఐడీలు (ఒక్కదానికే పెట్టిన పేర్లు), రెండో గడిలో క్లాసులు (గుంపుకు పెట్టిన పేర్లు), మూడో గడిలో ట్యాగు పేర్లు ఎన్నున్నాయో వేసుకోవాలి. ‘పేరాలన్నీ నలుపు’ అంటే 0,0,1. ‘శాసనం అనే క్లాసు ఉన్నది ముదురెరుపు’ అంటే 0,1,0. కాబట్టి ఆలయ శాసనం పేరా ఎర్రబడుతుంది. ఎడమ గడిలో ఎక్కువున్నది గెలుస్తుంది, కుడివైపు ఎన్నున్నా లెక్కలోకి రావు. పదకొండు క్లాసులు పేర్చినా ఒక్క ఐడీని కదపలేవు, ఎందుకంటే ఒక గడి నిండి పక్క గడిలోకి పొర్లదు. మూడూ సమానమైతే చివర రాసింది గెలుస్తుంది.

‘ఇంపార్టెంట్’ అని రాసిన నియమానికి వేరే బలం. మొదటి ప్రమాణంలో అక్కడా రచయితదే పైచేయి. 1998లో వచ్చిన రెండో ప్రమాణం దాన్ని తిరగేసింది: ఇద్దరూ ఇంపార్టెంట్ అంటే పాఠకుడే గెలుస్తాడు. చూపు మందగించిన మనిషి తనకు పెద్దక్షరాలు కావాలని పట్టుబడితే ఏ డిజైనరూ కాదనలేడు. సీఎస్ఎస్‌లో ఇంతకంటే న్యాయమైన వాక్యం ఇంకోటి లేదని నా నమ్మకం.

తర్వాతి గొడవలు చాలానే. నెట్‌స్కేప్ తన జావాస్క్రిప్ట్ స్టైల్ షీట్లను ముందుకు తోసింది; దాని నాలుగో వెర్షన్లో జావాస్క్రిప్ట్ ఆపేస్తే సీఎస్ఎస్ కూడా ఆగిపోయేది. మైక్రోసాఫ్ట్ పెట్టె వెడల్పులో అంచునూ కలిపి కొలిచింది, ప్రమాణం విడిగా కొలిచింది. విచిత్రం, ఆ ఓడిన లెక్కనే ఇప్పుడు చాలామంది కోరి పెట్టుకుంటున్నారు. 2003లో డేవ్ షే ‘సీఎస్ఎస్ జెన్ గార్డెన్’లో ఒకే హెచ్‌టీఎంఎల్‌కు ఎన్నో రూపాలు చూపించాక, సీఎస్ఎస్‌తో అందమైన పేజీలు కావన్న వాదనలు చాలావరకు సద్దుమణిగాయి.

అర్థం వేరు, రూపం వేరు అన్న ఈ సంగతి తెలుగుకు మరింత దగ్గరిది. ఒకప్పుడు మన పత్రికల సైట్లలో అక్షరం కూడా వట్టి వేషమే. లోపల ఇంగ్లిష్ గుర్తులు, పైన తెలుగు బొమ్మలున్న సొంత ఫాంటు. ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తుల వరస. వెతికితే దొరకదు, చదివి వినిపించడం కుదరదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, కానీ సైట్లు అటు మళ్లడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతతో ఆ ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించాడు. తెలుగు వికీపీడియాకు బీజం వేసిందీ ఆయనే.

ఇక రూపం సంగతి. వాలు అక్షరం మన అచ్చు సంప్రదాయం కాదు. నొక్కి చెప్పే మాటకు ఈఎం ట్యాగు పెడితే బ్రౌజర్ దాన్ని వాల్చేస్తుంది. వాలు ట్యాగే పెట్టి ఉంటే అది నొక్కి చెప్పడమో కాదో తెలిసేది కాదు. ఈఎం కాబట్టి, పేజీ భాష తెలుగని ప్రకటించి, తెలుగులో ఉన్న ఈఎం నిటారుగా, లావుగా ఉండాలని ఒక్క నియమం రాస్తే చాలు. భాషా షరతు రెండో గడిలో పడుతుంది గనుక మామూలు ఈఎం నియమాన్ని అది దాటుతుంది. అలాగే ఇంగ్లిష్ శీర్షికకు సరిపోయే 1.2 వరుస ఎత్తు మనకు చాలదు. ‘రాష్ట్రం’ కింది వత్తులు తర్వాతి వరుస గుడులను తాకుతాయి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో మన పాలమూరు రచయిత సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద ఒకటుంది. దాన్ని హెచ్1కు పెట్టి, వరుస ఎత్తు 1.6 దగ్గర మొదలుపెట్టి, వత్తులు విడివిడిగా కనబడేదాకా పెంచుకుంటూ పోవాలి.