నుదుటి రాత కాదు, కచేరీ రాత

మా ఇంట్లో ఒక పాత ఖలందాన్ ఉంది. కలాలు, సిరాబుడ్డి పెట్టుకునే చిన్న చెక్కపెట్టె అది. మా తాతగారిది. నిజాం పాలనలో ఆయన ఒక తాలూకా కచేరీలో అహల్కారుగా పనిచేశారు. ఉర్దూలో ఆయన చేతిరాత ముత్యాల కోవలా ఉండేదనీ, ముఖ్యమైన మిసిళ్లన్నీ తహసీల్దారు గారు ఆయన చేతనే రాయించేవారనీ మా దాదీ చెబుతుండేది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత కచేరీలోకి ఇంగ్లీషు వచ్చింది. నలభై ఏళ్ల వయసులో తాతగారికి ఆ భాష పట్టుబడలేదు. అంతవరకు కచేరీకి కుడిభుజంగా ఉన్న మనిషి ఓ మూల కూర్చుని కాగితాలకు దారం కుట్టే పనికి పరిమితమయ్యారు. ఎవరైనా జాలిపడితే, "నసీబ్" అని ఒక్క మాట అని ఊరుకునేవారు.

మా వీధిలోనే ఒక పద్మశాలి పెద్దాయన ఉండేవారు. తాతగారికి ప్రాణస్నేహితుడు. భారత భాగవతాల్లోని పద్యాలు వందలకొద్దీ ఆయనకు కంఠతా వచ్చు. కానీ చిన్నతనంలో ఆయన చేరిన సర్కారు బడిలో పై తరగతుల పాఠాలన్నీ ఉర్దూలోనే. "వీడి బుర్రలో మట్టి ఉంది" అని ఉస్తాద్ తేల్చేశారు. పిల్లవాడు బడి మాని మగ్గం గుంటలో కూర్చున్నాడు. జీవితాంతం ఆయన "అంతా నా నుదుటి రాత" అనేవారు.

ఒకరిది నసీబ్, మరొకరిది నుదుటి రాత. నిజంగా ఈ ఇద్దరిలో ఎవరికి తెలివి తక్కువ? ఎవరు కష్టపడలేదు? కచేరీ, బడి ఏ భాషలో మాట్లాడాలో పైనుంచి నిర్ణయం జరిగింది. ఆ నిర్ణయం ఒకప్పుడు ఒకరిని లేపి మరొకరిని కూర్చోబెట్టింది. మరొకప్పుడు లేచినవారినీ కూలదోసింది.

ఈ సంగతిని ఆరు వందల ఏళ్ల క్రితమే గ్రహించిన మహామేధావి ఇబ్నె ఖల్దూన్. ఆయన 1332లో తునిస్‌లో జన్మించారు. యౌవనంలోనే తల్లిదండ్రులను ప్లేగు పొట్టనపెట్టుకుంది. 1377లో ఆయన 'ముఖద్దిమా' గ్రంథం రచించారు. ఆ కాలంలో పశ్చిమ దేశమైన మగ్రిబ్ నుంచి తూర్పు నగరాలకు వెళ్లినవారు అక్కడి విద్వాంసులను చూసి, వీరు పుట్టుకతోనే మనకన్నా తెలివైనవారని అనుకునేవారట. ఇబ్నె ఖల్దూన్ దీన్ని గట్టిగా ఖండించారు. తేడా పుట్టుకలో లేదు, వృత్తులు, విద్యాబోధన తరతరాలుగా తెగకుండా సాగిన నగరాల్లో ఉంది అన్నారు. బోధన కూడా ఒక వృత్తే. ఖుర్తుబా, ఖైరవాన్ నగరాలు దెబ్బతిన్నాక పశ్చిమ దేశంలో ఆ బోధనా పరంపర తెగింది, చదువు సన్నగిల్లింది. అంతేగాని అక్కడి పిల్లల బుద్ధి మొద్దుబారలేదని ఆయన వాదన.

ఈ కొలబద్దతో మన హైదరాబాద్ చరిత్రను చూడండి. 1880లలో సంస్థానపు దర్బారు భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికోసం 1917లోనే దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటి పండితులు అందులో పనిచేశారు. గణితం, భౌతికశాస్త్రం మొదలు వైద్యం, ఇంజనీరింగు వరకు ఉర్దూలోనే బోధించారు. మన భాషల్లో పెద్ద చదువులు చెప్పడం అసాధ్యమన్నవారికి అదే జవాబు. కొరత భాషలో ఉండదు, దాని వెనుక నిలబడే సంస్థలో ఉంటుంది.

అయితే ఇందులో రెండో పుటను దాచిపెట్టడం న్యాయం కాదు. సంస్థానంలో ఉర్దూ మాతృభాషగా గలవారు కొద్దిమందే. తెలుగువారే అందరికన్నా అధికం. వారి పిల్లలకు ఆ ఘనమైన ద్వారం సగమే తెరుచుకుంది. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో ప్రసంగించబోతే సభికులు గేలిచేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకు ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం హైదరాబాద్‌లో వెలసింది. సర్కారు బడి తమ భాషను పట్టించుకోకపోతే ఆనాటి తెలుగువారు నుదురు కొట్టుకుంటూ కూర్చోలేదు. పుస్తకాలు పోగుచేసి తలుపులు తెరిచారు.

1948 తర్వాత చక్రం తిరిగింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. జనం భాషకు దక్కవలసిన స్థానం దక్కింది, మంచిదే. కానీ ఉర్దూ ఒక్కటే ఆధారంగా బతికిన వేలాది కుటుంబాలకు ఆ మలుపులో చేయందించిన ఏర్పాటు తగినంతగా లేకపోయింది. జాతీయ స్థాయిలో ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో నెలకొనడానికి 1998 దాకా ఆగవలసి వచ్చింది.

2006లో సచార్ కమిటీ తన నివేదిక సమర్పించింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లిములలో 59.1 శాతమని అందులో ఉంది. ఈ తేడా చూడగానే "మనవాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అని మనమే తీర్పు చెప్పేస్తాం. ఇంటికి ఎంత దూరంలో బడి ఉంది, అందులో ఉపాధ్యాయుడు ఉన్నాడా, పదో తరగతి తర్వాత దారి ఎటు అని అడిగేవారు తక్కువ.

ఆ తీర్పు చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి. కొన్నేళ్ల క్రితం నా దగ్గర ఉర్దూ మీడియంలో చదివిన ఒక కుర్రవాడు లెక్కల్లో మంచి మార్కులతో పదో తరగతి పూర్తిచేశాడు. మా ఊళ్లో ఉర్దూ మీడియం ఇంటర్ లేదు. ఇంగ్లీషు మీడియం కాలేజీలో చేరి, ఆరు నెలలు తిరగకముందే మానేసి, ఏసీ మెకానిక్ దగ్గర పనికి కుదిరాడు. బజారులో కనబడితే, "మెహనత్ చేయలేదు, బంగారంలాంటి చదువు పాడుచేసుకున్నావు" అని నలుగురిలో చీవాట్లు పెట్టాను. వాడు తల వంచుకుని, "జీ ఉస్తాద్" అన్నాడు. ఆ రాత్రి ఖలందాన్ మీది దుమ్ము తుడుస్తుంటే నాకు తెలిసివచ్చింది. పద్మశాలి తాతను మొద్దు అన్న ఉస్తాద్ ఎవరో కాదు, నేనే.

అలాగని మనిషి ప్రయత్నం వృథా అనుకోకూడదు. ప్రయత్నం మనదే. కానీ ప్రయత్నానికి మెట్లు కావాలి, ఆ మెట్లు కట్టేది సమాజం. మెట్టు లేనిచోట జారిపడినవాణ్ణి నిందించి, కట్టనివారిని వదిలేయడం ఇన్సాఫ్ కాదు.

మర్నాడు ఆ కుర్రవాడి దుకాణానికి వెళ్లి నా మాట వెనక్కి తీసుకున్నాను. ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్‌కు ఫీజు కట్టించాను. రోజూ ఇషా తర్వాత మా వరండాలో వాడూ, మరో నలుగురూ గంటసేపు ఇంగ్లీషు పాఠాలు చదువుతున్నారు. ఎందరు గట్టెక్కుతారో అల్లాహ్‌కే ఎరుక. మీ మొహల్లాలోనూ ఇలా మధ్యలో ఆగిపోయిన పిల్లలు ఉంటారు. వారిని నిందించే ముందు, ఎక్కడ ఆగిపోయావు బాబూ అని ఒక్కసారి అడగండి. ఆ చోట ఒక మెట్టు కట్టగలమేమో చూడండి.