వచ్చిండా? వచ్చిందా? వచ్చిన్రా?

ఇంగ్లీషుల ఒక మనిషి గురించి రాసేటోళ్లకు చిక్కు ఒక్కకాడనే: 'హీ' అనాల్నా, 'షీ' అనాల్నా. మన తెలుగుల చిక్కు రెండుకాడ్ల ఉంటది. 'అతను', 'ఆమె' అనే మాటలు పక్కకు పెట్టి ఉత్త పేరే రాసినా, వాక్యం ఆఖరుకు పోయేసరికి క్రియ మళ్ల అడ్డం నిలబడ్తది. పాడిండా, పాడిందా? ఏదో ఒకటి చెప్పు అంటది.

ఆడ, మగ అనే రెండు గడులల్ల ఇమడని కళాకారులు ఇయ్యాల పెద్ద పెద్ద స్టేజీల మీద ఉన్నరు. వాళ్ల పాటలు మన ఫోన్లల్ల మోగుతున్నయి. వాళ్ల గురించి రాసేది పెద్ద పేపర్లోళ్లు ఒక్కరే కాదు. ఊర్లె యూట్యూబ్ చానల్ నడిపేటోళ్లు, జాతర వీడియోలకు క్యాప్షన్ పెట్టేటోళ్లు సుత రాస్తున్నరు. అందుకే ఈ లెక్క అందరికీ తెలువాలె.

నాన్‌బైనరీ అంటే ఎవరు?

తమను తాము ఆడమనిషి అని గానీ, మగమనిషి అని గానీ పూర్తిగ అనుకోనోళ్లను నాన్‌బైనరీ అంటరు. కొందరికి రెండూ ఉన్నట్టు అనిపిస్తది. కొందరికి రెండూ కాదనిపిస్తది. కొందరికి కాలాన్నిబట్టి మారుతది. బట్టలు చూసి, గొంతు విని, జుట్టు కొలిచి మనం తేల్చేది కాదు ఇది. వాళ్లు చెప్తేనే మనకు తెలుస్తది.

ట్రాన్స్ మహిళ వేరు, నాన్‌బైనరీ వేరు. కర్ణాటకల జోగతి నృత్యం ఆడే మంజమ్మ జోగతికి 2021ల పద్మశ్రీ వచ్చింది. తమిళనాడు భరతనాట్యం కళాకారిణి నర్తకి నటరాజ్‌కు 2019ల పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. వాళ్లను 'ఆమె' అనాలె, 'కళాకారిణి' అనాలె. గౌరవానికి 'వచ్చిన్రు' అంటే మంచిదే గని, 'ఆమె' అన్న మాటను మాత్రం తీసెయ్యొద్దు. తీసేస్తే ఆమె ఆడమనిషి అని మనం ఒప్పుకోనట్టే. ఇగ హిజ్రా అన్నది ఇంకో మాట. దాని ఎనుక గురువు, చేలా అనే పరంపర ఉన్నది, ఒక సమాజం ఉన్నది. అందరినీ ఒక్క గంపల ఏసి 'థర్డ్ జెండర్' అని మూత పెట్టుడు సరికాదు.

నెమో ముచ్చట

2024 మే నెలల స్వీడన్‌లోని మాల్మో నగరంల యూరోవిజన్ పాటల పోటీ జరిగింది. స్విట్జర్లాండ్ తరఫున 'ది కోడ్' అనే పాటతోని నెమో గెలిచిన్రు. ఆ పోటీల మొదటి నాన్‌బైనరీ విజేత నెమోనే. తనెవరో తను తెలుసుకున్న తొవ్వ గురించే ఆ పాట.

ఇంగ్లీషుల నెమోకు 'దే' అని రాస్తరు. నెమో మాట్లాడే జర్మన్‌ల అసుంటి మాట ఒకటి ఖాయం కాలేదు. అందుకని జర్మన్‌ల అతను, ఆమె అనే మాటలే వద్దు, ఉత్త పేరు చాలన్నది నెమో పద్ధతి. పోటీ జరిగిన స్వీడన్‌ల సంగతి ఇంకో తీరు. అక్కడ ఆడమగ లేని 'హెన్' అనే కొత్త మాట జనంల పడి, 2015ల స్వీడిష్ అకాడమీ పదకోశంల ఎక్కింది. అంటే ఒక్కో భాష తన గుణాన్నిబట్టి తన తొవ్వ ఎతుక్కున్నది. మనం సుత తెలుగు గుణం చూడాలె. ఇంగ్లీషు 'దే'ను తెచ్చి అతికిస్తే అతకది.

తెలుగు గుణం ఏంది?

'నేను', 'నువ్వు' కాడ తెలుగుకు ఆడమగ పట్టింపు లేదు. 'నేను పాడిన' అంటే ఎవరైనా కావొచ్చు. 'నువ్వు పాడినవ్' అన్నా అంతే. హిందీల 'నేను వచ్చిన' అని చెప్పాలన్నా మగోళ్లు 'ఆయా', ఆడోళ్లు 'ఆయీ' అనాలె. మనకా బాధ లేదు. మనకు చిక్కు మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే, అదీ ఒక్కరే ఉన్నప్పుడే.

అప్పుడు మన భాష రెండు గంపలు ముంగట పెడ్తది. ఒక గంపల మగమనిషి ఒక్కడే: వచ్చిండు. ఇంకో గంపల ఆడమనిషి, ఆవు, బస్సు, వాన అన్నీ కలిసి: వచ్చింది. పాత వ్యాకరణాలు దీనికి మహత్తు, అమహత్తు అని పేర్లు సుత పెట్టినయి. బహువచనంల లెక్క మారుతది. ఆడోళ్లయినా, మగోళ్లయినా 'వచ్చిన్రు'. ఆవులు, బస్సులయితే 'వచ్చినయి'. అంటే ఆడమనిషిని మన క్రియ మనిషి లెక్కల ఏసేది గుంపుల ఉన్నప్పుడే. ఒక్కతే ఉంటే, ముంగట ఉన్న 'ఆమె' అన్న మాటనే ఆమెను మనిషని చెప్తది.

ఇప్పుడు నాన్‌బైనరీ కళాకారుల కాడికి రాండ్రి. 'ఆమె' తీసేసి ఉత్త 'వచ్చింది' అని రాసినమనుకోండ్రి. చదివేటోళ్లకు రెండే తొవ్వలు మిగులుతయి: ఆడమనిషి అనుకోవాలె, లేకుంటే వస్తువు అనుకోవాలె. కామెంట్లల్ల చెడ్డ నోళ్లు రెండోదాన్నే పట్టుకుంటయి. 'అది ఏంది', 'గది ఆడనా మగనా' అని మొదలైతది. ఆడమగ లేని మాట కావాలె కాబట్టి 'అది' అంటే సరిపాయె గదా అని కొందరికి అనిపియ్యొచ్చు. సరిపోదు. ఇంట్ల చిన్నపిల్లను ముద్దుగ అనే 'అది' వేరు. స్టేజి మీద నిలబడ్డ మనిషిని 'అది' అంటే తిట్టే.

జవాబు మన నోట్లెనే ఉన్నది

టీచరమ్మ వచ్చిన్రు. డాక్టరు గారు చెప్పిన్రు. వచ్చింది ఒక్కరే, చెప్పింది ఒక్కరే. అయినా బహువచనం పెడ్తం. 'ఎంతమంది వచ్చిన్రు?' అని ఎవ్వరూ అడగరు.

ఇంకోటి చూడుండ్రి. రాజు ఒక్కడే, వాని తల్లి ఒక్కతే. అయినా 'రాజు వాళ్లమ్మ' అంటం. 'వానమ్మ' అంటే కొట్లాటయితది. ఒక్క మనిషికి 'వాళ్ల' అనుడు మనకు ఇంగ్లీషోళ్లు నేర్పింది కాదు. మన తాతల కాలం నుంచి ఉన్నదే.

కాబట్టి పేరు రాసి, క్రియకు 'రు' పెడితే పని అయిపోతది. సామ్ స్మిత్ అనే బ్రిటన్ సింగర్ తనను 'దే' అని పిలువుమని 2019 సెప్టెంబర్‌ల చెప్పిన్రు. 2023ల 'అన్‌హోలీ' పాటకు కిమ్ పెట్రాస్‌తోని కలిసి గ్రామీ గెలిచిన్రు. చదువుతుంటే ఎక్కడన్న నాలుక తట్టుకున్నదా? లేదు. పాత ముచ్చటకు సుత ఇదే లెక్క. 2015ల సామ్ స్మిత్ నాలుగు గ్రామీలు గెలిచిన్రు. అప్పటికి చెప్పలేదు గదా అని ఆ ఒక్క వాక్యంల 'గెలిచిండు' అనొద్దు. మనిషి ఒక్కరే, ఏడాది ఒక్కటే వేరు.

ఒక జాగ్రత్త. పేరు పక్కన 'వాళ్లు' పెట్టకుండ్రి. 'సామ్ స్మిత్ వాళ్లు వచ్చిన్రు' అంటే మన దిక్కు ఇంటిల్లిపాది వచ్చినట్టు. ఇంగ్లీషు వార్తను మిషన్‌ల ఏసి తెలుగు చేస్తే 'దే' ఉన్నకాడల్ల 'వాళ్లు' పడొచ్చు. అప్పుడు ఒక్క సింగర్ కాస్త బ్యాండ్ అయిపోతరు. మళ్ల మళ్ల పేరే రాయుండ్రి, తప్పులేదు. నడుమల 'తన' అనే మాట వాడుకోండ్రి. 'తన పాట', 'తన ఊరు': ఇందుల ఆడమగ లేదు.

యాసల 'రు' ఎట్ల కుదురుతది?

ఒక మాట నిజమే. మన యాసల తాతను సుత 'తాత వచ్చిండు' అంటం. అది మర్యాద లేక కాదు, దగ్గరితనం. పడుసు సింగర్‌కు 'రు' పెడితే సర్కారు నోటీసు లెక్క ఉంటదని అంటరు. గట్ల అనిపించినకాడ వేరే పనిముట్లు ఉన్నయి.

ఒకటి, క్రియ లేని వాక్యం. 'ఈసారి విజేత నెమో.' ఇందుల డు లేదు, ది లేదు. రెండు, 'పాడిన', 'రాసిన', 'ఆడిన' అనే రూపాలు. 'నెమో పాడిన పాట', 'కప్పు గెలిచిన నెమోకు చప్పట్లు'. ఈ రూపం ఆడమగ అడగది. 'పాడినోడు', 'పాడినామె' అంటేనే అడుగుతది. మూడు, ఇంటర్వ్యూ అయితే వాళ్ల మాటను వాళ్ల నోటితోనే, 'నేను'తోని రాసుడు. నేనుకు ఆడమగ లేదని పైన చూసినం గదా.

పేర్లకు తగిలిచ్చే మాటలు సుత చూడాలె. గాయకుడు, గాయని, నటుడు, నటి, హీరో, హీరోయిన్: ఇవన్నీ ఏదో ఒక దిక్కు తోసేటియే. సింగర్, డ్యాన్సర్, యాక్టర్, ఆర్టిస్ట్ ఎటూ తోయయి. ఇవి మన నోట్లె ఎన్నడో తెలుగైపోయినయి. విజేత, పోటీదారు అనేటియి సుత ఎవరికైనా కుదురుతయి. ఇగ ఊర్లె పేరుకు అన్న, అక్క తగిలియ్యకుంటే మనకు మాట్లాడినట్టే ఉండది. నాన్‌బైనరీ కళాకారులకు ఏది తగిలియ్యాల్నో వాళ్లనే అడగాలె. తెలువకుంటే పేరు చాలు. 'మన సింగర్', 'మన దోస్త్' అన్నా దగ్గరితనం తగ్గది.

వేషం వేరు, మనిషి వేరు

ఇది మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. భాగోతంల ఆడేషం కట్టిన మగోళ్లను చూసిన జనమే మనది. కూచిపూడిల సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మ పెట్టింది పేరు. నాటకాలల్ల ఆడ వేషాలకు స్థానం నరసింహారావు అంతే. స్టేజి మీద 'సత్యభామ అలిగింది' అంటం, స్టేజి దిగినంక 'శర్మ గారు వచ్చిన్రు' అంటం. ఆడేషం కట్టినంత మాత్రాన శర్మ గారు ఆడమనిషి కాలేదు, నాన్‌బైనరీ సుత కాలేదు.

అదే లెక్క తిప్పి వాడుకోవాలె. 'ది క్రౌన్' సిరీస్‌ల డయానా వేషం ఏసిన ఎమ్మా కోరిన్ నాన్‌బైనరీ. 'డయానా ఏడ్చింది' అని కథ రాయొచ్చు. 'ఎమ్మా మంచిగ నటించిన్రు' అని మనిషి గురించి రాయాలె. ఆ వేషానికి ఎమ్మాకు 2021ల గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అవార్డు పేరు ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, గని అది చూసి ఎమ్మాను 'నటి' అనకుండ్రి. బెర్లిన్ సినిమా పండుగోళ్లు 2021 నుంచి నటనకు ఆడ, మగ అని వేరు చెయ్యకుండనే బహుమతి ఇస్తున్నరు. 'ఉత్తమ నటన' అంటే అయిపాయె.

మారొచ్చు సుత. అమెరికా సింగర్ డెమీ లొవాటో 2021ల 'దే' అనుమన్నరు, 2022ల 'షీ' అన్నా సరే అన్నరు. ఇది చూసి 'చూసిన్రా, అంత నాటకం' అనుడు కాదు. రాసే నాటికి వాళ్లు ఏం చెప్పిన్రో చూసి రాసుడు మన పని.

ఒక మాటతోని ఏమైతది?

ఏమైతదో మన రాష్ట్రంలనే ఉన్నది. నిజాం కాలంల, 1919ల, హైదరాబాద్ రాజ్యంల ఒక చట్టం వచ్చింది. 'నపుంసకులు' అనే ముద్ర ఏసి కొందరి పేర్లు రిజిస్టర్ల ఎక్కిచ్చుకునేటోళ్లు. ఆ పేరెక్కినోళ్లు ఆడ బట్టలు కట్టుకొని బజారుకొచ్చినా, నలుగుట్ల ఆడినా, పాడినా వారెంటు లేకుండ పట్టుకపోవొచ్చు. ఆటపాటనే నేరం. ఆ చట్టం పుస్తకాలల్ల అట్లనే ఉండుకుంట వచ్చింది. 2023 జులైల తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. దానికి తొమ్మిదేండ్ల ముందు, 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పుల సుప్రీంకోర్టు, తన జెండర్ ఏందో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని చెప్పింది.

చట్టం రిజిస్టర్ పోయింది గని, మన థంబ్‌నెయిళ్లు ఇంకో రిజిస్టర్ లెక్క తయారైతున్నయి. 'అసలు ఆడనా మగనా?' అని ఎర్ర గీత కొట్టి పెడితే వ్యూస్ వస్తయి, నిజమే. ఆ వీడియో కింద తిట్లు చదువుకునేది ఆ కళాకారులు, వాళ్లమ్మ, వాళ్ల నాయిన. అదే ఊర్లె, లోపల ఇదే మథనపడుతున్న ఒక పద్నాలుగేండ్ల పోరడో పోరియో సుత చదువుతరు. నోరు తెరిస్తే తనకూ ఇదే గతి అని తెలుసుకుంటరు. పుట్టినప్పుడు పెట్టిన పాత పేరు తవ్వి తీసుడు, ఆపరేషన్ల గురించి ఆరా తీసుడు వార్త కాదు. పాట ఎట్ల ఉన్నది, అడుగు ఎట్ల పడ్డది, జనం ఏమన్నరు, అది వార్త.

రేపు మీ ఊరి జాతరల అసుంటి కళాకారులు ఆడితే, వీడియో ఎక్కిచ్చే ముందు పక్కకు పిలిచి ఒక్క మాట అడుగుండ్రి: "మీ గురించి ఎట్ల రాయమంటరు?" మన తెలుగుల 'మీరు'కు ఆడమగ లేదు. అడుగుడు అల్కనే.