నవంబరు నెల సంతకం

ఢిల్లీ ప్రధానంగా కార్యాలయాల నగరం. ఇక్కడ మనిషి వయస్సును గడచిన ఏళ్లతో కాక, పదవీ విరమణకు మిగిలిన ఏళ్లతో లెక్కిస్తారు. ప్రతి నెలా ఆఖరు పనిదినాన సాయంకాలం ఏ మంత్రిత్వ శాఖకు వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. బల్లలు గోడవారకు జరుపుతారు. ఒక బంతిపూల దండ, ఒక శాలువ, కాగితం పళ్లెంలో సమోసా, బర్ఫీ. పై అధికారి నాలుగు మంచి మాటలు చెబుతాడు. మరునాటి నుంచి ఆ కుర్చీలో మరొకరు. అరవై ఏళ్లు నెల మధ్యలో నిండినా నెలాఖరు వరకు ఉద్యోగం ఉంటుంది. ఒకటవ తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెలాఖరుకే ఇంటి ముఖం పట్టాలి. ఒక్కరోజు తేడాతో ఒక నెల జీతం! ప్రభుత్వం వారి జీవితంలో తేదీకి ఎంతటి విలువ ఉన్నదో వారికి అప్పుడే తెలిసివస్తుంది.

ఈ వారం పార్లమెంటు వరండాలను, పార్టీ కార్యాలయాలను కాస్త పక్కన పెట్టి, పార్కు బెంచీల మీది వార్తలను పాఠకులకు నివేదించదలచాను. ఆ వార్తలకు పార్లమెంటుతో సంబంధం లేదని అనుకోనక్కర లేదు.

శీతకాలపు పెద్దలు

విశ్రాంత ఉద్యోగి దినచర్య పాలకేంద్రం వద్ద మొదలవుతుంది. వేకువనే గిన్నె పట్టుకుని మదర్ డెయిరీ బూతు ముందు నిలబడే వారిలో సగం మంది ఒకప్పుడు దస్త్రాల మీద సంతకాలు చేసినవారే. అనంతరం పత్రిక. పత్రిక ముగిసేసరికి కూరల బండి వస్తుంది. అండర్ సెక్రటరీగా లక్షల రూపాయల ప్రతిపాదనలను తిప్పి పంపిన వ్యక్తి, కొత్తిమీర కట్ట ఉచితంగా వెయ్యలేదని బండివానితో పావుగంట వాదించటం నేను కళ్లారా చూశాను. ఆ వాదన కొత్తిమీర కోసం కాదు. తన మాటకు ఇంకా ఎవరో ఒకరు సమాధానం చెప్పవలసి ఉన్నదనే తృప్తి కోసం.

చలికాలంలో పదకొండు గంటల ఎండ పడగానే కాలనీ పార్కు నిండుతుంది. నేను తరచు వెళ్లే ఒక దక్షిణ ఢిల్లీ పార్కులో పేకాట బల్ల వద్ద నలుగురుంటారు. లాయల్‌పూరులో పుట్టి, ఏడేళ్ల వయస్సులో 1947లో తల్లి కొంగు పట్టుకుని సరిహద్దు దాటివచ్చిన పంజాబీ ఒకరు, రైల్వే బోర్డులో పనిచేసిన బెంగాలీ ఒకరు, తంజావూరు తమిళుడొకరు, రక్షణ లెక్కల శాఖలో ముప్పయ్యారేళ్లు పనిచేసిన మన తెలుగు పెద్దమనిషి ఒకరు. సొంత ఊరు ఏదైనా ఢిల్లీలో తెలుగువాడు 'రావ్ సాబ్' కనుక, ఆయనా రావ్ సాబే. వీరు ఆడేది 'సీప్' అనే ఉత్తరాది పేకాట. చర్చించేది మాత్రం కరువు ఉపశమనం. జనవరిలో ఎంత, జులైలో ఎంత అన్నది ప్రభుత్వం ప్రకటించకముందే ధరల సూచిక చూసి లెక్క కట్టేస్తారు. కోవిడ్ కాలంలో 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు నిలిపివేసిన మూడు వాయిదాల బకాయి వీరికి ఇప్పటికీ మానని పుండు.

మీరు ఊరికి ఎందుకు తిరిగి వెళ్లలేదని నేను ఆ తెలుగు పెద్దమనిషిని ఒకసారి అడిగాను. "వెడితే ఎవరున్నారండీ? తెనాలి స్టేషనులో దిగితే నన్ను గుర్తుపట్టేది ఒక్క గడియారమే. ఇక్కడైతే డిస్పెన్సరీలో కాంపౌండరు పేరు పెట్టి పిలుస్తాడు" అన్నారాయన. 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఇటువంటి వారిని ఈ నగరానికి కట్టిపడేసింది. ఆ పథకం హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో ఉన్నది కాని చిన్న పట్టణాలలో లేదు. పుట్టిన ఊరికన్న మందులు దొరికే ఊరు ముఖ్యమయ్యే వయస్సు అది.

ఈ ముచ్చటలో ఒక మాట మరువరాదు. విరమణ ఆయనకే గాని ఆమెకు లేదు. ఆయన పార్కు నుంచి వచ్చేసరికి రెండవ కాఫీ సిద్ధం చేయవలసినది ఆమెయే. ఒకప్పుడు పది నుంచి అయిదు వరకు ఇల్లు ఆమెది. ఇప్పుడు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పప్పు ఖర్చును 'పరిశీలిస్తున్నారు'. దీనికి ఏ వేతన సంఘమూ భత్యం సిఫారసు చేయలేదు.

బతికి ఉన్నట్లు రుజువు

నవంబరు రాగానే పార్కులు పలచబడతాయి. ఒక కారణం పొగమంచుతో కలిసిన విషపు గాలి. డాక్టర్లు వృద్ధులను గడప దాటవద్దంటారు. గడప దాటక తప్పని పని కూడా సరిగ్గా అదే నెలలో వస్తుంది. తాము జీవించి ఉన్నామని పింఛనుదారులు ఏటా ధ్రువపత్రం సమర్పించవలసిన నెల అది. రద్దీ తగ్గించటానికి 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశమిచ్చారు. 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' పేరిట వేలిముద్రల పద్ధతి వచ్చింది. 2021 నవంబరులో ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది. ఇంటికి వచ్చి పని పూర్తి చేసే పోస్టుమాన్ సదుపాయమూ ఉన్నది. ఇవన్నీ మేలు చేశాయనటంలో సందేహం లేదు.

అయినా ఒక బ్యాంకు శాఖలో నేను చూసినది చెబుతాను. కుటుంబ పింఛను పొందుతున్న 76 ఏళ్ల తెలుగు వితంతువు యంత్రం మీద వేలు పెట్టారు. యంత్రం గుర్తించలేదు. పది వేళ్లూ అయ్యాయి. "మాతాజీ, మీ వేళ్లు రావటం లేదు" అన్నాడు గుమాస్తా హిందీలో, మర్యాదగానే. ఆవిడ నా వైపు తిరిగి, "యాభై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లు నాయనా, వీటికింకా గీతలెక్కడ మిగులుతాయి? నేను బతికే ఉన్నానని నువ్వైనా చెప్పు" అన్నారు. చివరకు కంటిపాపతో పని జరిగింది. ఆవిడ నవ్వుతూనే వెళ్లారు. ఆ పింఛను రాకపోతే ఆ నెల మందుల దుకాణానికి ఏమి చెప్పుకోవాలో ఆవిడకే తెలుసు.

తేదీ మీద తీర్పు, తేదీ మీద చట్టం

పింఛను ఎవరి దయ? ఈ ప్రశ్నకు ఈ దేశంలో స్పష్టమైన సమాధానం 1982 డిసెంబరు 17న లభించింది. అంతకు మూడేళ్ల ముందు, 1979లో, కేంద్రం పింఛను లెక్కను ఉదారం చేసింది. కాని 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని విరమించిన పౌర ఉద్యోగులకే ఆ లాభమన్నది. రక్షణ మంత్రిత్వ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో విరమించిన డి.ఎస్. నకారా, ఆయనతో పాటు హెచ్.డి. శౌరి స్థాపించిన 'కామన్ కాజ్' సంస్థ సుప్రీం కోర్టుకు వెళ్లారు. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం పక్షాన జస్టిస్ డి.ఎ. దేశాయి తీర్పు వ్రాశారు. పింఛను యజమాని ఇష్టానుసారం పడవేసే బిచ్చం కాదు. గతంలో చేసిన సేవకు ప్రతిఫలం. ఒకే తరగతికి చెందిన పింఛనుదారులను కేవలం ఒక తేదీ ఆధారంగా చీల్చటం సమానత్వ సూత్రానికి విరుద్ధం—ఇదీ ఆ తీర్పు సారాంశం. నాటి నుంచి డిసెంబరు 17ను పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నారు. 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' కోసం 2015లో మాజీ సైనికులు జంతర్ మంతర్ వద్ద నెలల తరబడి కూర్చొన్నది కూడా ఈ తేదీల తగవు మీదనే.

ఇప్పుడు పార్కు బెంచీల మీద కలవరం కలిగిస్తున్నది 2025 నాటి ఆర్థిక చట్టం. ఆ సంవత్సరం మార్చిలో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టంలో పింఛను నిబంధనలను ధ్రువీకరించే ఒక భాగం చేరింది. విరమణ తేదీని ఆధారం చేసుకుని పింఛనుదారుల మధ్య తేడా చూపే అధికారం కేంద్రానికి ఉన్నదని, 1972 జూన్ 1 నుంచీ ఉన్నట్లే భావించాలని అది చెబుతున్నది. ఇది పాత నిబంధనలకు ధ్రువీకరణ మాత్రమేనని, ఎవరి పింఛనూ తగ్గదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలో వివరించారు. పింఛనుదారుల సంఘాలు తృప్తి చెందలేదు. తేడా చూపే ఉద్దేశం లేనప్పుడు తేడా చూపే అధికారం ఎందుకన్నది వారి ప్రశ్న. ఎనిమిదవ వేతన సంఘం పరిశీలనాంశాలను 2025 అక్టోబరు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అందులో చందా లేని పింఛను పథకాల భారాన్ని గమనంలో ఉంచుకోవాలన్న మాట చూడగానే ఈ అనుమానం మరింత బలపడింది.

ప్రభుత్వం వాదన పూర్తిగా త్రోసివేయదగినది కాదు. కేంద్ర పింఛనుదారుల సంఖ్య 60 లక్షలు దాటింది. ఆయుర్దాయం పెరుగుతున్నది. 80 ఏళ్లకు 20 శాతం, 85కు 30 శాతం, నూరేళ్లకు నూరు శాతం అదనపు పింఛను ఇస్తున్నది ఈ ప్రభుత్వమే. ఖజానాకు హద్దు ఉన్నది. కాని ఖజానాకు హద్దు ఉండటం వేరు, హక్కుకు హద్దు గీయటం వేరు.

ఒక కప్పు కింద రెండు కాలాలు

తేదీ ఎంత బలమైనదో తెలుసుకోవటానికి కోర్టుకు వెళ్లనక్కర లేదు. మన రావ్ సాబ్ ఇంటికి వెళ్లితే చాలు. ఆయన ఏ చందా చెల్లించకుండా జీతంలో సగం పింఛనుగా పొందుతున్నారు. 2006లో కేంద్ర సర్వీసులో చేరిన ఆయన కుమారునికి ఆ భాగ్యం లేదు. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి, సైనికులు తప్ప, జీతం నుంచి నెలనెలా కోసి మార్కెట్టులో పెట్టే కొత్త పథకమే గతి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకం వచ్చింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల మూలవేతనం సగటులో సగానికి హామీ ఇస్తున్నది. అయితే చందా తప్పదు. ఎంపికకు ఇచ్చిన గడువును రెండుసార్లు పొడిగించవలసి రావటాన్ని బట్టి ఉద్యోగుల సంకోచం అర్థమవుతుంది. "నాన్నగారూ, మీరు నకారా గురించి మాట్లాడతారు. మాకు ఏ నకారా ఉన్నాడు?" అన్న కుమారుని ప్రశ్నకు ఆ తండ్రి వద్ద జవాబు లేదు.

ఆ పార్కు గేటు వద్ద కూర్చునే కావలివాని మాట మరీ వేరు. అరవై మూడేళ్లు. ఒక ప్రైవేటు కర్మాగారంలో పనిచేశాడు. భవిష్యనిధి పింఛను కనీస మొత్తాన్ని 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. అతనికి అంతే వస్తున్నది. అందుకే ఈ వయస్సులో కావలి కాస్తున్నాడు. అదీ లేని నిరుపేద వృద్ధునికి జాతీయ పథకం కింద కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, ఆ పైన 500. దశాబ్దానికి పైగా ఈ అంకె మారలేదు. ఆంధ్రప్రదేశ్ 2024లో నెలకు 4,000 రూపాయలకు, తెలంగాణ 2019లో 2,016 రూపాయలకు వృద్ధుల పింఛను పెంచగలిగినప్పుడు, మన పల్లెల వృద్ధుల పట్ల ఢిల్లీ పాటిస్తున్న ఈ పొదుపును ఏమనాలి?

పార్కు బెంచీల పెద్దలు తమ కరువు ఉపశమనం లెక్కలతో పాటు గేటు వద్ద కూర్చున్నవాని లెక్క కూడా వేసిన నాడు వారి కోరికకు బలం పెరుగుతుంది. వృద్ధాప్యం ఎవరికీ తేదీ చూసి రాదు. జీవితకాలం పనిచేసిన మనిషి చివరి రోజులలో చేయి చాపనక్కర లేకుండా బతకటం హక్కా, దయా అన్న ప్రశ్నకు సుప్రీం కోర్టు ఒక సమాధానం చెప్పింది. పార్లమెంటు మరొకటి చెప్పినట్లు కనబడుతున్నది. ఈ రెండింటిలో ఏది నిలవాలో చెప్పవలసిన వారు ఓటర్లు. ఏటా తాము బతికి ఉన్నామని సంతకం చేస్తున్న పెద్దలు కూడా ఓటర్లేనన్న సంగతి పాలకులు గుర్తుంచుకోవటం మంచిది.