అడిగి కట్టిన ఇళ్ళు: మినెట్ డి సిల్వా కథ

మినెట్ డి సిల్వా శ్రీలంకలో తొలి మహిళా ఆర్కిటెక్టు. ఇల్లు ఎలా ఉండాలో కాగితం మీద గీసి, తర్వాత దగ్గరుండి కట్టించేవాళ్ళను ఆర్కిటెక్టులు అంటాం. మినెట్ తెలుగువారు కాదు. కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కిన కుటుంబమూ కాదు ఆమెది. అయినా ఆమె కథ మనం తెలుసుకోవాలి. మీకు ఎలాంటి ఇల్లు కావాలి అని మన పెద్దలను ఏ తోట దొరా అడగలేదు. మినెట్ మాత్రం తాను కట్టబోయే ఇళ్ళలో ఉండేవాళ్ళను ఆ ప్రశ్న అడిగారు.

మన ముత్తాతలు చెరకు తోటలకు, రబ్బరు తోటలకు, తేయాకు తోటలకు చేరినప్పుడు చాలాచోట్ల వాళ్ళు ఉండాల్సిన గదులు అప్పటికే కట్టి ఉన్నాయి. నాటాల్‌లో వాటిని బారక్కులు అన్నారు. మారిషస్‌లో క్యాంపులు అన్నారు. ఫిజీలో, సిలోన్‌లో లైన్లు అన్నారు. మలయాలో లయాలు అన్నారు. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే. వరసగా చిన్న గదులు, వాటి మధ్య పలచని గోడలు, ఒక్కో గదిలో ఒక సంసారం. పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు, పొగ ఎటు పోతుంది, దేవుడి పటం ఏ గోడకు పెట్టుకుంటారు, బాలింతకు చోటు ఎక్కడ? వాటిని కట్టించినవాళ్ళకు ఇవేవీ పట్టలేదు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని మినెట్ కథ చదవండి.

తల్లి చెప్పిన జవాబు

మినెట్ 1918 ఫిబ్రవరి 1న కాండీలో పుట్టారు. కాండీ శ్రీలంక మధ్యలో, కొండల నడుమ ఉన్న ఊరు. చుట్టుపక్కల కొండల నిండా తేయాకు తోటలు. అప్పట్లో దేశం పేరు సిలోన్. బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉండేది. తండ్రి జార్జ్ డి సిల్వా సింహళ బౌద్ధులు, లాయరు, రాజకీయ నాయకుడు. తల్లి ఆగ్నెస్ బర్గర్ కుటుంబానికి చెందిన క్రైస్తవురాలు. యూరప్ నుంచి వచ్చి సిలోన్‌లో స్థిరపడినవాళ్ళ సంతతిని బర్గర్లు అంటారు. జాతి వేరు, మతం వేరు. ఆ రోజుల్లో అలాంటి పెళ్ళిళ్ళు అరుదు.

ఆగ్నెస్ ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడినవారు. 1927లో ఏర్పడిన మహిళల ఓటుహక్కు సంఘంలో ఆమె ముఖ్యులు. అప్పుడే సిలోన్ పాలనలో ఏం మార్పులు చేయాలో చూడడానికి బ్రిటన్ నుంచి డొనమోర్ కమిషన్ వచ్చింది. సంఘం తరఫున కొందరు స్త్రీలు ఆ కమిషన్ ముందుకు వెళ్ళి మాట్లాడారు. కమిషన్ వాళ్ళు ఒక ప్రశ్న వేశారు. తోటల్లో పనిచేసే భారతీయ ఆడకూలీలకు కూడా ఓటు ఇమ్మంటారా? ఆగ్నెస్ తడుముకోలేదు. ఇవ్వాల్సిందే, వాళ్ళూ ఆడవాళ్ళే కదా అన్నారు.

1931లో సిలోన్‌లో ఆడా మగా అందరికీ ఓటు వచ్చింది. తోట కూలీలకు కొన్ని షరతులు పెట్టినా, వాళ్ళలో చాలామందికి కూడా ఆ హక్కు అందింది. ఆ కూలీలు మన పెద్దల్లాగే సముద్రం దాటి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది తమిళులు. వాళ్ళను ఓడలోకి ఎక్కించింది ఐదేళ్ళ ఒప్పంద కాగితం కాదు, కంగాణీ. కంగాణీ అంటే ఊళ్ళకు వెళ్ళి, అప్పు ఇచ్చి, మనుషులను తోటకు తోలుకొచ్చే మేస్త్రీ. కాగితం లేకపోయినా అప్పు తీరేదాకా కాళ్ళకు బంధం అదే.

ఇలాంటి ఇంట్లో పెరిగారు మినెట్.

బొంబాయి, బెంగళూరు, లండన్

ఆర్కిటెక్టు అవుతానని మినెట్ అన్నప్పుడు సిలోన్‌లో ఆ చదువు చెప్పే కాలేజీ లేదు. ఆడపిల్లకు అలాంటి చదువు ఎందుకన్నది ఇంకో అడ్డు. ఆమె బొంబాయి వెళ్ళారు. అక్కడ మిస్త్రీ అండ్ భేద్వార్ అనే సంస్థలో పని నేర్చుకున్నారు. ఆ మిస్త్రీ కుటుంబంలోనే పెరిన్ మిస్త్రీ ఉన్నారు. ఆమె భారతదేశపు తొలి మహిళా ఆర్కిటెక్టులలో ఒకరు. తర్వాత మినెట్ జె.జె. స్కూలులో చేరారు. స్వాతంత్ర్య ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. గాంధీ కోసం జరిగిన ఒక ప్రదర్శనకు వెళ్ళారని ఆమెను బడి నుంచి పంపేశారు. క్షమాపణ రాసిస్తే సరిపోయేది. ఆమె రాయలేదు.

అక్కడి నుంచి బెంగళూరు వెళ్ళి, మైసూరు సంస్థానంలో ప్రధాన ఆర్కిటెక్టుగా ఉన్న ఆటో కూనిగ్స్‌బర్గర్ దగ్గర పనిచేశారు. టాటాల ఉక్కు ఊరు జంషెడ్‌పూర్ కోసం ఆయన చేస్తున్న పనిలో పాలుపంచుకున్నారు. తక్కువ ఖర్చులో చాలామందికి ఇళ్ళు కట్టడం ఎలా అన్నది ఆమె అక్కడ చూశారు. 1946లో బొంబాయిలో మొదలైన 'మార్గ్' పత్రికను నిలబెట్టినవాళ్ళలో ఆమె అక్క అనిల్ ఒకరు. మినెట్ కూడా ఆ బృందంలో ఉన్నారు.

ఈలోగా లండన్‌లో ఏఏ స్కూలులో చదువు పూర్తిచేసే అవకాశం వచ్చింది. 1947లో ఇంగ్లండ్‌లో జరిగిన ఆధునిక ఆర్కిటెక్టుల మహాసభకు వెళ్ళారు. అక్కడ ఫ్రాన్స్‌లో స్థిరపడిన ప్రసిద్ధ ఆర్కిటెక్టు లె కోర్బూజియేతో పరిచయమైంది. ఆయన చనిపోయేదాకా ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ రిబా ఆమెకు సభ్యత్వం ఇచ్చింది. ఆ గౌరవం అందుకున్న తొలి ఆసియా మహిళ ఆమె.

అదే 1948లో సిలోన్ స్వతంత్ర దేశమైంది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టం లక్షలమంది తోట కూలీలను ఏ దేశానికీ చెందనివాళ్ళుగా చేసింది. కొద్దికాలానికే చాలామంది ఓటు కూడా పోయింది. ఆగ్నెస్ గట్టిగా అడిగి సాధించినదాన్ని సొంత దేశపు ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. మిగిలినవాళ్ళకు పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో గాని రాలేదు.

కాండీ కొండ మీద ఒక ఇల్లు

1949లో మినెట్ కాండీకి తిరిగి వచ్చి సొంతంగా పని మొదలుపెట్టారు. మొదటి ఇల్లు కరుణారత్నె కుటుంబానిది. 1951లో పూర్తయింది. స్థలం ఏటవాలు కొండ. మామూలుగా అయితే కొండను తొలిచి, చదును చేసి ఇల్లు కడతారు. మినెట్ ఇంటినే కొండ వాలుకు తగ్గట్టు మెట్లుమెట్లుగా అమర్చారు. పెద్ద గదులు వరండాల్లోకి, తోటలోకి తెరుచుకుంటాయి.

ఇంటి లోపలికి ఆమె కాండీ చుట్టుపక్కల ఊళ్ళ చేతిపనులను తెచ్చారు. దుంబర అనే ప్రాంతంలో నారతో రంగురంగుల చాపలు నేస్తారు. ఆ నేతను తలుపుల్లో బిగించారు. నేలమీద పరిచే చాప నిలబడి తలుపైంది. కాల్చిన మట్టి పలకల మీద కాండీ నాట్యగాళ్ళ బొమ్మలు వేయించారు. మెట్ల పక్కన చేతికి ఆసరాగా ఉండే కర్రలకు లక్క పూత వేయించారు. మన ఏటికొప్పాక బొమ్మలు చూసినవాళ్ళకు ఆ మెరుపు తెలుసు. తిరిగే కర్రకు లక్కను ఒత్తిపెడితే, ఆ వేడికి కరిగి రంగు అంటుకుంటుంది. కాండీ పనివాళ్ళదీ అలాంటి విద్యే. ఒక గోడ మీద చిత్రకారుడు జార్జ్ కీట్ పెద్ద బొమ్మ వేశారు.

ఇందులో కొత్త ఏమిటంటారా? ఆ కాలంలో సిలోన్‌లో డబ్బున్నవాళ్ళు రెండు రకాల ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. ఒకటి దొరల బంగళాకు నకలు. రెండోది యూరప్ పత్రికల్లో చూసిన సిమెంటు పెట్టెకు నకలు. చేతిపని వాళ్ళకు రెండింటిలోనూ చోటు లేదు. మినెట్ సిమెంటును, గాజును వదలలేదు. చాపల నేతను, లక్క పనిని మ్యూజియంకు పంపలేదు. రెండూ ఒకే ఇంట్లో పనిచేయాలన్నారు. ఈ పద్ధతికి ఆమె పెట్టిన పేరు ఆధునిక ప్రాంతీయ వాస్తుకళ. అంటే కొత్త కాలానికీ, సొంత నేలకూ రెండింటికీ తగిన ఇల్లు.

తర్వాత కొలంబోలో కట్టిన పీరిస్ ఇంటిని స్తంభాల మీద నిలబెట్టారు. కింద గాలి ఆడుతుంది, నీడ ఉంటుంది. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ స్థలం వదిలారు. సింహళంలో దాన్ని మిదుల అంటారు. గోదావరి, కృష్ణా జిల్లాల పాత మండువా ఇళ్ళలో నడిమధ్యన ఉండే ఖాళీ లాంటిదే అది. ఎండ, వాన, గాలి ఇంటి నడుమకే వస్తాయి. ఫ్యాను లేని రోజుల్లో ఇంటిని చల్లగా ఉంచింది అదే.

వటపులువలో అడిగిన ప్రశ్నలు

మినెట్ చేసిన పెద్ద పని కాండీ దగ్గర వటపులువ కాలనీ. 1950ల రెండో సగంలో ప్రభుత్వ ఉద్యోగుల కోసం సుమారు 250 ఇళ్ళు కట్టాలి. ఉండబోయేవాళ్ళలో సింహళులు, తమిళులు, ముస్లింలు, బర్గర్లు ఉన్నారు. పెద్ద జీతం వాళ్ళూ, చిన్న జీతం వాళ్ళూ ఉన్నారు. ఒకే నమూనా గీసి 250 సార్లు కట్టేస్తే పని తేలిక. తోటల్లో లైన్లు కట్టింది అలాగే.

మినెట్ ముందుగా ఆ కుటుంబాలకు ప్రశ్నల కాగితాలు పంచారు. వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. ఇంట్లో ఎందరుంటారు, రోజు ఎలా గడుస్తుంది, ఖర్చు ఎంత పెట్టగలరు అని తెలుసుకున్నారు. ఆ జవాబులను బట్టి కొన్ని రకాల ఇళ్ళు గీశారు. ఏ కుటుంబానికి ఏది నప్పుతుందో చూసి, అవసరమైనచోట మళ్ళీ మార్చారు. కొండ వాలును చెక్కేయకుండా, ఉన్న చెట్లను వీలైనంత వరకు ఉంచి, వాటి మధ్య దారులు, ఇళ్ళు అమర్చారు.

ఇప్పుడు ఇది మామూలు సంగతిలా అనిపిస్తుంది. 1950లలో ప్రపంచంలో చాలా దేశాల్లో ప్రభుత్వాలు ఇళ్ళు కట్టిస్తున్నాయి. పైన ఎవరో గీసేవాళ్ళు, కింద జనం వచ్చి చేరేవాళ్ళు. అడగడం అన్నది అరుదు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. వటపులువ ఇళ్ళు ఉద్యోగస్తులవి. అదే కొండల్లో తేయాకు కోసే కూలీలు మాత్రం పాత లైన్లలోనే ఉన్నారు. తల్లి వాళ్ళకోసం ఓటు అడిగారు. కూతురు చూపిన పద్ధతి వాళ్ళ గడప దాకా వెళ్ళలేదు. దేశమే వాళ్ళను తనవాళ్ళు అనుకోనప్పుడు, ఎలాంటి ఇల్లు కావాలని ఎవరు అడుగుతారు?

మరుగున పడిన పేరు

శ్రీలంక ఆధునిక ఇళ్ళ గురించి ఎవరైనా మాట్లాడితే ముందు వినిపించే పేరు జెఫ్రీ బావా. ఆయన గొప్ప ఆర్కిటెక్టు, అందులో సందేహం లేదు. కాని ఆయన ఆర్కిటెక్టు అయింది 1957లో. పాత పద్ధతిని, కొత్త పద్ధతిని కలిపే దారిలో మినెట్ అప్పటికే ఎనిమిదేళ్ళుగా నడుస్తున్నారు. ఆయన పేరు ప్రపంచమంతా పాకింది. ఆమె పేరు చాలాకాలం ఒక చిన్న ప్రస్తావనగా మిగిలిపోయింది. ఆమె గురించి రాసినవాళ్ళు కూడా ఆమె కట్టిన ఇళ్ళ కంటే, కట్టిన చీరల గురించీ, లె కోర్బూజియేతో స్నేహం గురించీ ఎక్కువ రాశారు. ఒంటరి ఆడది సొంత పేరుతో ఆఫీసు నడిపితే నమ్మకంగా పని అప్పగించేవాళ్ళు తక్కువ. 1960లు వచ్చేసరికి పనులు తగ్గాయి. ఆమె దేశాలు తిరిగారు.

ఆ రోజుల్లో ఆమె చేసిన ఒక పని గురించి ఎక్కువమందికి తెలియదు. బానిస్టర్ ఫ్లెచర్ రాసిన వాస్తుకళ చరిత్ర పుస్తకం తరతరాలుగా ఇంగ్లీషులో చదివే విద్యార్థులకు పాఠ్యగ్రంథం. దాని పాత ముద్రణల్లో ఒక చెట్టు బొమ్మ ఉండేది. యూరప్ కట్టడాలు దాని కాండం. భారతదేశం, చైనా లాంటివి పక్కకు పోయి ఆగిపోయిన కొమ్మలు. ఆ దేశాల కట్టడాలకు చరిత్రే లేదన్నట్టు వేరే భాగంలో పెట్టారు. 1975లో వచ్చిన 18వ ముద్రణ కోసం దక్షిణాసియా భాగాన్ని కొత్తగా రాసింది మినెట్. తర్వాత కొన్నేళ్ళు హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో ఆసియా వాస్తుకళ చరిత్ర పాఠాలు చెప్పారు.

మళ్ళీ కాండీకి వచ్చి 1980లలో కళాకేంద్రం కట్టారు. 1996లో శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. 1998 నవంబరు 24న, 80 ఏళ్ళ వయసులో, కాండీలో కన్నుమూశారు. ఆసియా మహిళా ఆర్కిటెక్టుగా తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం వెలువడింది ఆ ఏడాదే. అప్పటికి ఆమె కట్టిన ఇళ్ళలో కొన్ని కూలిపోయాయి, కొన్ని గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఆమె గీతలు, ఫోటోలు, ఉత్తరాలు పదిలంగా ఉంచే చోటు కూడా దొరకలేదు. ఆమె తన పుస్తకంలో అతికించి దాచినవే ఇప్పుడు పరిశోధకులకు పెద్ద ఆధారం.

మన ఇళ్ళ సంగతి కూడా ఇంతే. బారక్కులు, లైన్లు చాలాచోట్ల నేలమట్టమయ్యాయి. వాటిలో పుట్టి పెరిగిన అవ్వలు, తాతలు ఇంకా కొందరు ఉన్నారు. ఈ నెల వాళ్ళ దగ్గర కూర్చోండి. గది ఎన్ని అడుగులు? పొయ్యి ఎక్కడ? నీళ్ళు ఎక్కడ నుంచి తెచ్చేవాళ్ళు? పిల్లలు ఎక్కడ పడుకునేవాళ్ళు? వాళ్ళు చెప్పినట్టు ఒక కాగితం మీద గీయండి. పొయ్యి, అరుగు, చూరు, వాకిలి అని తెలుగులోనే పేర్లు రాయండి. చివరగా ఇంకో ప్రశ్న వేయండి. అవ్వా, అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే నువ్వు ఎలాంటి ఇల్లు కావాలని చెప్పేదానివి?

ఆ ఇల్లు కూడా గీయండి.